పళ్ళ మధ్య కండెన్సర్

మార్కాపురంలో రేడియోలు బాగుచేసే ఒకాయన ఉండేవాడు. యుద్ధకాలంలో విమానాల రేడియోల మీద పనిచేసి వచ్చిన మనిషి. ఏ చిన్న సామాను విప్పినా దాన్ని పళ్ళ మధ్య కరిచిపట్టుకునే మాట్లాడేవాడు.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను పలకల గనిలో గుమాస్తాను. రాచర్ల ఊరి గొర్రెలకాపరి ఒకడు రెండు వైర్లున్న లోహపు గొట్టాన్ని పాతసామాన్ల దుకాణానికి తెచ్చాడు. మా గనిలో రాయి పేల్చే డిటోనేటర్ దొంగిలించాడని నేనే కానిస్టేబుల్‌కు పట్టించాను. అడవిలో దొరికిందని వాడు ఏడిస్తే, కానిస్టేబుల్ మమ్మల్ని రేడియో ఆయన దగ్గరికి తీసుకుపోయాడు.

ఆయన గొట్టం మీది మట్టిని బొటనవేలితో తుడిచాడు. చిన్న బాణం గుర్తు బయటపడింది.

"ఈ బాణం మిలిటరీ గుర్తు. ఇది విమానం రేడియోలో కండెన్సర్. పేలదు."

"పేలితే ఏంది సార్ మా గతి?" అన్నాను. వత్తి బిగించడానికి డిటోనేటర్‌ను పళ్ళతో కొరికి దవడ పోగొట్టుకున్న కూలీని నేను చూసినవాణ్ణి.

ఆయన గొట్టాన్ని పళ్ళ మధ్య పెట్టుకుని కటుక్కున కొరికాడు. నేనూ కానిస్టేబులూ గుమ్మం దాటి ఉరికాం. ఏమీ కాలేదు.

అట్లాగే కరిచిపట్టి కాపరిని అడిగాడు. "ఆడ ఇంకేముండె నాయనా?"

"కాలిన రేకులు సామీ. ఒక బూటు. బూటులో కాలి ఎముకలు ఉండె."

ఆయన గొట్టాన్ని నోట్లోంచి తీసి, చొక్కాకు తుడిచి, రెండు చేతులతో బల్ల మీద పెట్టాడు.

ఆ తరవాత ఆయన పళ్ళ మధ్య ఏ సామానూ నేను చూడలేదు.