పెద్దమ్మ లేని మొదటి శుక్రవారం

మా పెద్దమ్మ పోయిన ఆదివారం ప్రభువునందు నిద్రించింది. కోరుట్లలో ఆమె ఇంటి నుంచి ఫోన్ వచ్చేసరికి నేను జగిత్యాలలో చర్చికి బయల్దేరుతున్నాను. భూస్థాపన అయ్యాక, ప్రతి శుక్రవారం పెద్దమ్మ తన ఇంట్లో నడిపే ఉపవాస ప్రార్థనకు నాతోపాటు వచ్చే ఆడవాళ్లు నా చుట్టూ చేరి, "అక్కా, ఇగ నువ్వే నడిపియ్యాలె" అన్నారు. నా ఏడుపు ఆగిపోయి భయం పట్టుకుంది. అది ఇంకా తగ్గలేదు.

పాటలు పాడించడం, వాక్యం చదివించడం నాకు చేతనవును. కానీ పెద్దమ్మ చేసిన అసలు పని వేరు. ఆమె మా నోళ్లకు కాపలా కాసేది.

మా దగ్గర ప్రార్థనకు ముందు ఒక్కొక్కరూ ప్రార్థన మనవులు చెబుతారు. మంచి రివాజే. కానీ బజారులో చెబితే చాడీ అనిపించుకునే మాట, ఇక్కడ కళ్లు మూసుకుని చెబితే మనవి అయిపోతుంది. మీ సంఘంలో ఇలా జరగదంటే మీరు అదృష్టవంతులు.

మా చెల్లె సిరిసిల్లలో అత్తగారిల్లు విడిచి చంటిపిల్లతో వచ్చేసిన రోజుల్లో ఒకామె ఇలాగే మొదలుపెట్టింది. "పేరు చెప్పద్దు గని, సిరిసిల్లకెల్లి ఒక పిల్ల మొగన్ని ఇడిసిపెట్టి అచ్చిందట. గామె కోసం ప్రార్థన చేద్దాం."

అందరి చూపులూ నా మీదే. నాకు చాప కింద దూరాలనిపించింది. పెద్దమ్మ తాపీగా అడిగింది.

"ఆమె చెప్పమన్నదా?"

"లేదక్కా, ప్రార్థన కోసమే గదా."

"ప్రార్థనకైతె దేవునికి పేరెందుకు, ఊరెందుకు? ఆయనకు తెల్వదా? కండ్లు మూస్కోండ్రి."

ఆ తర్వాత మా చెల్లె తనకు తోచినప్పుడు, తన నోటితోనే తన సంగతి చెప్పుకుంది. ఆ గౌరవం దానికి మిగిల్చింది పెద్దమ్మే. ఆ రుణం మా ఇంట్లో ఎవరం తీర్చలేం.

పొద్దంతా నలుగురితో కలిసి అరుగు మీద బీడీలు చేసేది పెద్దమ్మ. చేతులు ఆకు చుడుతుంటే నోళ్లు ఖాళీగా ఉండవు కదా. ముచ్చట ఎవరి కాపురం మీదికో మళ్లగానే ఆమె పాట ఎత్తుకునేది. ఆ గొంతు ఏమంత బాగుండేది కాదు. పాట ఆపితే చాలని అందరూ ముచ్చట మార్చేవాళ్లు.

తన మీద కూడా ఆమెకు నమ్మకం తక్కువే. ఒకసారి ఆటోలో పొరుగామె సంగతేదో నోరు జారి, ఇంటికొచ్చాక అన్నం ముట్టలేదు. ఆ పొరుగింటికి పోయి "నీ ముచ్చట ఇంకొకలకు చెప్పిన, మాఫ్ చెయ్యి" అని అడిగి వచ్చాకే కంచం ముందు కూర్చుంది. "ప్రభువు చెప్పిన మెలకువంటె రాత్రి నిద్ర ఆపుకునుడు గాదు బిడ్డా, పగలు నోరు ఆపుకునుడు" అనేది.

నిన్న ఆమె లేని మొదటి శుక్రవారం. ఆమె ఇంట్లోనే కూర్చున్నాం. పాటలయ్యాయి. మనవుల వేళ ఒక పెద్దావిడ నా వైపు వంగింది. "ఎనుక గల్లీల కోడలుపిల్ల లేదా? దుబాయిల ఉన్న మొగడు ఫోన్ చేస్తలేడట. ఆడ ఇంకోతి ఉన్నదట..."

ఆపాలని నాకు తెలుసు. మాట నాలుక మీదికి వచ్చింది కూడా. పెద్దావిడ నొచ్చుకుంటుందేమోనని మింగేశాను. అంతకన్నా సిగ్గుచేటు, తర్వాత ఏం చెబుతుందోనని నా చెవి అటే వంగింది.

ఇంతలో వాకిట్లో ఎవరో నిలబడ్డారు. ఆ కోడలుపిల్లే. ఎప్పుడూ రానిది, ఆ రోజే వచ్చింది. మాటలు టక్కున ఆగిపోయాయి. "రా బిడ్డా, కూసో" అన్నాను, పక్కకు జరిగి చోటిస్తూ.

ఆమె లోపలికి రాలేదు. ఒక చెప్పు విప్పి, రెండోది కాలికే ఉంచుకుని, తలుపు పట్టుకుని అందరి మొహాలూ చూసింది. తర్వాత నన్నడిగింది.

"అక్కా, ఈడ చెప్తే ఈడనే ఉంటదా?"

చాప మీద ఒక్కరూ తలెత్తలేదు. ఆమె నా మొహంలోకే చూస్తూ నిలబడింది, ఆ రెండో చెప్పు విప్పకుండా.