వదిన ట్యూబు డబ్బాలోని కాగితం

మా వదిన చెంపల మీది ఎరుపు నా నిర్వాకమే. ముఖాన మొలిచిన వెంట్రుకలైతే తర్వాత రాలిపోయాయి గానీ, ఆ ఎరుపు ఈనాటికీ పోలేదు.

వదిన పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్లేది. ఒకరోజు పిక్కలోంచి ఒళ్లు కాల్చే జీడిరసం చిమ్మి చెంప మీద పడింది. పుండు మానింది, నల్లమచ్చ మిగిలింది. మందుల షాపులో ఏదో ట్యూబు ఇచ్చారు. డబ్బాలో మడతపెట్టిన ఇంగ్లీషు కాగితం ఉంది.

"ఏటి రాసుంది పాపా? సదివి సెప్పు," అంది.

నేనప్పుడు టెక్కలిలో డిగ్రీ మొదటి సంవత్సరం. ఇంట్లో కాలేజీ గడప తొక్కింది నేనొక్కదాన్నే. పంపాలని పట్టుబట్టింది వదినే. చీమతలకాయంత అక్షరాలు, ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. ఆ మాట ఒప్పుకోవడానికి నామోషీ. చదువుతున్నట్టు కాగితం మీద వేలు నడిపి, "రోజూ రెండుపూటలా రాయాలి," అన్నాను.

"ఎన్నాళ్లు?"

"మచ్చ పోయేదాకా."

మచ్చ నిజంగానే పలచబడింది. చుట్టూ చర్మం కూడా తెల్లబడేసరికి వదిన ముఖమంతా రాయడం మొదలుపెట్టింది. అదంతా నా గొప్పే అనుకున్నాను. మూడో ట్యూబు అయ్యేసరికి చెంపలు ఎర్రగా కందిపోయి, వాటి నిండా నూగు, పైపెదవి మీద నల్లటి వెంట్రుకలు. "మీసం దువ్వుతన్నావేటే," అని తోటివాళ్లు ఆటపట్టించారట. పిక్కలు కాల్చే పొగ పడట్లేదని చెప్పి మూతికి తువ్వాలు కట్టుకోసాగింది. ఒక పొద్దున పెరట్లో గోడవైపు తిరిగి, అన్నయ్య బ్లేడుతో పెదవి గీసుకుంటూ నా కంటపడింది.

ఆ రోజే డిక్షనరీ ముందేసుకుని కూర్చున్నాను. ముఖానికి వారం మించి వాడకూడదు. వెంట్రుకలు రావచ్చు. రెండూ ఆ కాగితంలోనే ఉన్నాయి. కాగితం మళ్లీ మడిచి డబ్బాలో పెట్టేశాను. "ట్యూబు మానెయ్యి వదినా, డాక్టరుకి చూపిద్దాం," అన్నాను తప్ప ఎందుకో చెప్పలేదు. అబద్ధానికి అంత సులువుగా పెగిలిన నోరు నిజానికి పెగల్లేదు.

టెక్కలిలో డాక్టరు కాగితం ఒక్క చూపులో చదివేశాడు.

"వారం దాటి ముఖానికి రాయొద్దని ఇందులోనే ఉంది కదమ్మా. మీ ఇంట్లో చదువుకున్నవాళ్లెవరూ లేరా?"

నేను కాలేజీ పుస్తకాలు పట్టుకుని పక్కనే ఉన్నాను. వదిన నావైపు ఒకసారి చూసింది.

"లేరు బాబూ," అంది.

తిట్టినా బాగుండేది. తిరుగు బస్సులో నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టి, నా పుస్తకాలు తన ఒళ్లో పెట్టుకుంది.