పొణికి కర్ర మునగదు

ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత నన్ను అనొద్దు: నేను కోతలరాయుణ్ణి. మా పెరట్లో పిల్లి ఈనితే వీధిలోకెళ్ళి పులి ఈనిందని చెప్పే రకం. కాబట్టి కింద రాసినదాంట్లో పొడవులూ వెడల్పులూ ఎండలూ వానలూ మీరే కాస్త కత్తిరించుకుని చదువుకోండి. ఒక్క వాసన సంగతి మాత్రం కొలత తప్పకుండా చెబుతాను. మొన్న డిసెంబరులో మా బాబాయి కొడుకు శామ్యేలు, ఇంట్లో అందరికీ శాముగాడు, పాత పేపర్లో చుట్టిన చిన్న బొమ్మొకటి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పేపరు విప్పగానే పచ్చి రంగూ, రంపపు పొట్టూ, చింతగింజల ముద్దా కలిసిన వాసన గుప్పుమంది. కొండపల్లి బొమ్మ కొత్తలో వేసే వాసన. అది ముక్కులోకి పోయిన మరుక్షణం నాకు పదేళ్ళు, శాముగాడికి ఐదేళ్ళు, మా మామ్మకి ఇంకా అన్నీ గుర్తున్నాయి.

అప్పట్లో మేమంతా విజయవాడలో రైవస్ కాలువ పక్కన ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. వంటింటి కిటికీలోంచి చెయ్యి చాపి మామ్మ కాలువలో నీళ్ళు ముంచుకునేదని చెప్పాలని ఉంది కానీ, మధ్యలో ఒక రోడ్డూ రిక్షా స్టాండూ అడ్డం వస్తున్నాయి. వేసవిలో మా ఊరి ఎండకి గోడ మీద పడుకున్న బల్లులు అప్పడాల్లా వేగి కింద రాలేవి. డిసెంబరు వచ్చేసరికి అదే ఊరు బుద్ధి తెచ్చుకుని పొద్దున్నే కాస్త మంచు కప్పుకునేది. గోడలకి సున్నం, గుమ్మం మీద వెదురుబద్దల నక్షత్రం, దానికంటించిన ఎర్ర కాగితంలోంచి పడే వెలుగులో రక్తం పూసుకున్నట్టు కనబడే మా మొహాలు, పెరట్లో అరిసెల పాకం, గులాబీ పువ్వులు వేయించే నూనె పొగ, కేకు పిండిని ఇత్తడి గిన్నెలో కలిపి బేకరీ పొయ్యిలో కాల్పించుకు రావడానికి ఊరేగింపులా బయల్దేరే మా పెద్దాళ్ళు. ఆ గిన్నె మా తాతయ్య కూర్చుని స్నానం చేసేటంత ఉండేది. సరే, సగం చేసుకోండి.

అందరి ఇళ్ళలో క్రిస్మస్‌కి పేర్చే, యేసు పుట్టిన పశువుల పాకలో సుద్దబొమ్మలుంటే, మా పాకలో కొండపల్లి బొమ్మలుండేవి. మామ్మ పుట్టిల్లు కొండపల్లి. పెళ్ళయి వస్తూ బొమ్మలన్నీ ట్రంకుపెట్టెలో వేసుకొచ్చింది. యోసేపు లేడు కాబట్టి తలపాగా రైతు యోసేపయ్యాడు. రోకలి పట్టుకుని దంచుతున్న ఆవిడ మరియమ్మ; పురిటి రోజున కూడా ఆవిడకి దంపుడు తప్పలేదు. తాటిచెట్టెక్కుతూ సగంలో ఆగిపోయిన కల్లుగీతాయన గొర్రెల కాపరి. ముగ్గురు జ్ఞానుల్లో ఇద్దరు అంబారీ ఏనుగు మీద సర్దుకుంటే, మూడోవాడు పోలీసు. ఏటా క్రిస్మస్‌కి ముందు మామ్మ ఆ బొమ్మల్ని కింద పరిచి, రంగు రాలిన చోటల్లా మా చేత వేయించేది. ఉన్న రంగు వేసేవాళ్ళం. అలా నల్లెద్దు ఒక ఏడు గోధుమరంగుదై, మరో ఏడు ఎర్రదై, చివరికి అది మొదట్నించీ ఎర్రదేనని మామ్మే ఒట్టు పెట్టుకునే దాకా వచ్చింది.

ఆ మందలో అచ్చంగా పాక కోసమే పుట్టినవాడు బాలయేసు ఒక్కడే. మామ్మ వాళ్ళన్నయ్య బొమ్మల వాళ్ళ దగ్గర పని నేర్చుకుని, వాళ్ళు వాడే తేలికపాటి పొణికి కర్రతో తన చేత్తో చెక్కి ఆవిడకిచ్చాడు. ఆ మరుసటేడే పోయాడాయన. బొమ్మ నా మోచేయంత ఉండేది, అంటే బొటనవేలంత. క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఇంట్లో అందరికంటే చిన్నవాడు ఆ బొమ్మని గడ్డిలో పడుకోబెట్టాలి, మిగతావాళ్ళు చప్పట్లు కొట్టాలి. అందరికంటే చిన్నవాడు శాముగాడు. వాడు పుట్టకముందు అయిదేళ్ళపాటు ఆ చప్పట్లు నావి.

నాకు పదేళ్ళు వచ్చిన ఆ ఏడు సండే స్కూల్లో మా టీచరమ్మ పసిగుడ్డు మోషేని జమ్ముగడ్డితో అల్లిన పెట్టెలో పెట్టి నీళ్ళలో వదిలిన కథ చెప్పింది. నాకది వినగానే చేసి చూడాలనిపించింది. జమ్ముపెట్టె దొరక్క సబ్బుపెట్టె తీసుకున్నాను. మోషే దొరక్క బాలయేసుని తీసుకున్నాను. సాక్షిగా ఉంటాడని శాముగాణ్ణి తీసుకుపోయాను. వాడు రేవు మెట్ల మీద నిలబడి రెండు చేతులా పట్టుకున్న అరిసె తింటున్నాడు, అంతే. నేను పెట్టె వదిలాను. నాలుగు బారలు పోయి అది బోర్లాపడింది. పెట్టె మునిగింది. బాలయేసు మునగలేదు. వెల్లకిలా తేలుతూ, ఆకాశం చూసుకుంటూ, వంతెన కిందనుంచి సముద్రం వైపు ప్రయాణం కట్టాడు. పొణికి కర్ర మునగదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ గుర్తుపెట్టుకోలేదు.

ఇంటికి రాగానే శాముగాడు పారేశాడని చెప్పాను. ఇంత చిన్న వాక్యం నా జీవితంలో మళ్ళీ చెప్పలేకపోయాను.

వాడు కాదన్నాడు. మామ్మ వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. ఆవిడ అంతకంటే గట్టిపని చేసింది. మా ఇంట్లో క్రిస్మస్ ముందురోజు ప్రార్థనలో ప్రతివాళ్ళూ లేచి సాక్ష్యం చెప్పాలి: ఏం తప్పు చేశాం, దేవుడెలా క్షమించాడు. శాముగాడు ఏటా ఆ తప్పే చెప్పాలని, ఒప్పుకునే దాకా బొమ్మని ముట్టుకోకూడదని తీర్పిచ్చింది. బొమ్మెక్కడుంది ముట్టుకోడానికి. ఆ ఏటినుంచి గడ్డిలో ఒక చిన్న కొవ్వొత్తి పెట్టేవాళ్ళు. పెట్టేది నేను.

మొదటి ఏడు వాడు లేచి, నేను కాదని ఏడ్చి కూర్చున్నాడు. రెండో ఏడు గుర్తులేదన్నాడు. అప్పుడు నేను సాయం పట్టాను. ఎర్ర నిక్కరు వేసుకున్నావు కదరా, మెట్టు మీద పాచి ఉంది కదరా, బుడుంగుమని చప్పుడు రాలేదూ అని గోళీలాడుకుంటూ రోజుకొకటి అందించేవాణ్ణి. ఇందులో నాకు కలిగిన ఆనందం గురించి అబద్ధం చెప్పను. ఒకరి బుర్రలో మనం పెట్టిన విత్తనం మొలకెత్తడం చూస్తే, పదకొండేళ్ళ వెధవకి అంతకంటే ఏం కావాలి. మూడో ఏడు, విసిరానేమో అన్నాడు. నాలుగో ఏడు విసిరాను అన్నాడు. ఆరో ఏటికి ఎర్ర నిక్కరూ, పాచీ, బుడుంగూ అన్నీ వచ్చేశాయి. ఇంకా నేనివ్వనివి కూడా వచ్చాయి: నీళ్ళలోకి పోతూ బాలయేసు తన వైపు చూశాడట. ఇంటిల్లిపాదీ ఏడ్చారు. నేనూ ఏడ్చాను. మామ్మ వాడి తల నిమిరి, ఒప్పుకున్నావు కాబట్టి దేవుడు క్షమించాడంది. తను క్షమించానని మాత్రం అనలేదు.

మనసు గురించి చదువుకున్నవాళ్ళు ఇప్పుడు చెబుతున్నారు, జ్ఞాపకమంటే ట్రంకుపెట్టెలో దాచింది దాచినట్టు బయటికొచ్చే వస్తువు కాదని, తీసిన ప్రతిసారీ మనం కొత్తగా రంగేసి మళ్ళీ లోపల పెడతామని, ఎక్కువసార్లు తీసిందే ఎక్కువ నిజంగా కనబడుతుందని. మా నల్లెద్దుకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు.

ఇప్పుడు మామ్మ గన్నవరంలో శాముగాడి దగ్గరుంటుంది. తొంభైకి దగ్గర్లో ఉంది. పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి మరిచిపోతుంది. మా నాన్న పోయాడని మరిచిపోయి వాడింకా రాలేదేమని అడుగుతుంది. స్నానం చేయించి, అన్నం కలిపి నోట్లో పెట్టి, మంచం మీద గుడ్డలు మార్చే మనవడి పేరు ఆవిడకి గుర్తులేదు. కానీ వాడెవరో గుర్తుంది. వచ్చినవాళ్ళందరికీ, "ఈడే, బాలయేసుని ముంచినోడు," అని చూపిస్తుంది. ఏడాదికి రెండుసార్లు కమలాపళ్ళు పట్టుకెళ్ళే నేను మాత్రం ఆవిడకి "నా బంగారు కొండ"ని.

అందుకే వాడు కొండపల్లి వెళ్ళి, అచ్చం అలాంటి బొమ్మే చెప్పి చేయించుకొచ్చాడు. ఆవిడ పోయేలోగా ఒక్కసారి తన చేత్తో గడ్డిలో పెట్టాలని, ఆవిడ ఒక్కసారి చప్పట్లు కొట్టాలని. చేసినాయన నీళ్ళ కథంతా విని, ఈ కర్ర మునగదండీ అన్నాడట. ఆ మాట చెప్పి వాడే నవ్వాడు. "నా కళ్ళతో చూశాను కదన్నయ్యా మునగడం. ఆయనకేం తెలుసు?"

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం వాడు మామ్మ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని బొమ్మ మామ్మ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని వాసన చూసింది. ఎప్పుడో పోయిన తన అన్నని పేరు పెట్టి పిలిచింది. వాడు చెయ్యి చాపాడు. ఆవిడ వాడి చేతికేసి చూసి, బొమ్మని గుండెకి అదుముకుని, నన్ను పిలిచి నా చేతిలో పెట్టింది.

"ఆడికియ్యమాక నాయనా. ముంచేత్తాడు."

నేనే గడ్డిలో పెట్టాను. మామ్మ చప్పట్లు కొట్టింది. శాముగాడు కూడా కొట్టాడు.

తర్వాత వరండాలో వాడు నా పక్కన కూర్చుంటే, ఇక తట్టుకోలేక చెప్పేశాను. "వదిలింది నేన్రా. నువ్వు అరిసె తింటున్నావు." వాడు నా భుజం మీద చెయ్యేసి, "ఊరుకో అన్నయ్యా, నన్ను ఓదార్చడానికి ఎన్ని కోతలైనా కోస్తావు," అన్నాడు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు, అక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. రేవు మెట్లు లేవు. ఏనుగునీ పోలీసునీ చెదలు తినేశాయి. అరిసెలు షాపులో కొంటున్నాం. ఆ మధ్యాహ్నం కాలువలో ఏం జరిగిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను.

ఇందులో నేను కల్పించిందేదో చెబుతానని మీరు ఎదురుచూస్తూ ఉంటారు. గిన్నె కాదు, బల్లులు కాదు, అవి మీరే తగ్గించుకున్నారు. కల్పించింది వరండా. వాడికి నేను నిజం చెప్పలేదు. వాడు నా పక్కన కూర్చున్నది నిజం. నన్నొకటి అడిగింది నిజం.

"అన్నయ్యా, బొమ్మ మునిగాక నేను ఏడ్చానా? అదొక్కటే నాకు గుర్తు రావట్లేదు."

"చాలా ఏడ్చావురా," అన్నాను.

వాడు కళ్ళు మూసుకుని కాసేపు వెతుక్కున్నాడు. తర్వాత నెమ్మదిగా తల ఊపాడు. దొరికినట్టుంది.