గుండె ఆగిందని రాసిన కాగితం

మా ల్యాబ్ గోడ మీద ఒక జర్మన్ డాక్టరు ఫొటో ఉంది. గడ్డం, గుండ్రటి కళ్లద్దాలు, ఎవరి మీదో విసుక్కుంటున్నట్టు చూపు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలను మైనంలో పోసి, పల్చగా కోసి, రంగు వేసి, గాజుపలక మీదికి ఎక్కించడం నా పని. కువైట్ వచ్చిన పదకొండేళ్లుగా అదే పని. కొత్తగా చేరిన ప్రతివాళ్లనీ మా పెద్ద డాక్టరు ఆ ఫొటో ముందు నిలబెట్టి పాఠం చెబుతాడు. జబ్బును కణంలో వెతకాలని లోకానికి నేర్పింది ఈయనేనట. శవాన్ని కోసి ఒక వరసలో మొత్తం చూడాలనీ, ఒక కారణం దొరికింది కదా అని మధ్యలో ఆపకూడదనీ పద్ధతి పెట్టింది కూడా ఈయనే.

అక్కడితో పాఠం ఆపేస్తాడు. మిగతా సగం నేను ఫోన్లో చదువుకున్నాను, చదివాక ఒళ్లు మండింది. ఆయనకు ముప్పై నిండకముందు, ఎక్కడో సరిహద్దు జిల్లాలో పేదజనం జ్వరంతో రాలిపోతుంటే, చూసి రమ్మని ప్రభుత్వం పంపింది. వాళ్ల భాష వేరు, ప్రభుత్వం భాష వేరు. ఇరుకు గుడిసెలు, ఖాళీ కడుపులు చూసి వచ్చాడు. వీళ్లకు కావలసింది మందు కాదు, తిండి, చదువు, స్వేచ్ఛ అని, తప్పంతా మీదేనని, పంపినవాళ్లకే రాసిచ్చాడు. మరుసటేడు ఉద్యోగం ఊడింది. వేరే ఊరు పోయి పాఠాలు చెప్పుకుంటే, కొన్నేళ్లకు వాళ్లే మళ్లీ పిలిచారు. ఆ తరవాత రాజధానికి మురుగుకాలువలు వేయించేదాకా ఊరుకోలేదు. అన్నీ ఒప్పులే చేశాడని కాదు, సూక్ష్మక్రిముల విషయంలో మొండికేశాడు. కానీ ఆ రిపోర్టు సంగతి మాకెందుకు చెప్పరు? ఫొటోకి మాత్రం రోజూ దుమ్ము దులుపుతారు.

పోయిన జూలైలో పక్కనే ఉన్న మార్చురీ నుంచి ఫోన్ వచ్చింది, తెలుగు తెలిసినవాళ్లు కావాలని. వెళ్లాను. నాది కోనసీమ, అక్కడ నిలబడ్డ కుర్రాడిది అన్నమయ్య జిల్లా. ఊరవతల ఎడారిలో ఉన్న కబ్ద్‌లో ఒక మేకల ఫారంలో అన్నదమ్ములిద్దరూ పనివాళ్లు. మధ్యాహ్నం ఎండలో పని చేయించకూడదని రూలు కాబట్టి అందరినీ రేకుల గదిలోకి తోలారు. అందులో ఏసీ చెడిపోయి నెల దాటింది. నాలుగింటికి పనికి లేపితే అన్న లేవలేదు.

తమ్ముడి చేతిలో అరబ్బీ కాగితం ఉంది. పక్కన ఫారం మేనేజరు, వాళ్ల ముదీర్, కారు తాళాలు ఊపుతూ నిలబడ్డాడు.

"దీంట్లో ఏం రాసినారక్కా?"

"గుండె ఆగి పోయాడని రాశారు తమ్ముడూ. ఎవరి మీదా అనుమానం లేదు, కోసి పరీక్ష చెయ్యక్కర్లేదు, శవాన్ని ఇచ్చేయండి అని నువ్వు సంతకం పెట్టాలంట."

"మాయమ్మ గూడా అదే సెప్పిందక్కా. నా బిడ్డను కోయనీయొద్దు, నిండుగా పంపమని ఒకటే ఏడుస్తాంది. గుండెపోటంటే మంచి సావే కదక్కా?"

గుండె ఆగిందట! చచ్చినవాళ్లలో గుండె ఆగనివాళ్లు ఎవరైనా ఉన్నారా? మా ల్యాబ్‌కి గోరంత పుట్టుమచ్చ వస్తే ఇద్దరు డాక్టర్లు తలలు బద్దలు కొట్టుకుంటారు. నిండు మనిషి పోతే ఒక్క వాక్యంతో సరి! కోసినంత మాత్రాన లోపల వడదెబ్బ కనపడకపోవచ్చు, నాకూ తెలుసు. కానీ పరీక్ష మొదలైతే ఎవరో ఒకరు ఆ గది చూడాలి, ఏసీ సంగతి అడగాలి. ఆ గదిలో ఇంకా అయిదుగురు పడుకుంటున్నారు, వాళ్లలో ఒకడు నా ఎదురుగా ఉన్నాడు. పోయినవాడి ఒంటి మీద కత్తి పడకుండా చూడటమే మర్యాదని మనవాళ్లు అనుకుంటారు. ఆ మర్యాద ఎవరికి కలిసొస్తుందో ఆ కాగితం తయారుచేసినవాళ్లకు బాగా తెలుసు.

సంతకం పెట్టకపోయినా ఎవరూ ఏమీ అనలేరు, పరీక్ష చెయ్యమని అడుగు అని నేను చెప్పాలి. అంతే. ముదీర్‌కి తెలుగు ముక్క రాదు. కానీ నా మెళ్లోని కార్డు మీద పేరు చదువుతున్నాడు. నన్ను ఈ ఆసుపత్రికి పంపింది ఒక కాంట్రాక్టు కంపెనీ. వచ్చే నెల నా ఇఖామా రెన్యువల్, అది లేకపోతే ఈ దేశంలో ఉండనివ్వరు.

"పెట్టేదా అక్కా?"

"నీ ఇష్టం తమ్ముడూ" అన్నాను.

ఎంత సిగ్గులేని మాట! సంగతి చెప్పకుండా దాచి, పైగా ఇష్టమట. అతను సంతకం పెట్టాడు. ముదీర్ "ఖలాస్, యల్లా" అని తొందరపెట్టి, నాకు మర్యాదగా చెయ్యెత్తి దణ్ణం లాంటిది పెట్టి, అతన్ని కారెక్కించుకుని కబ్ద్‌కే తీసుకుపోయాడు. ఆ కాగితం రాసినవాళ్ల మీద, ఆ ముదీర్ మీద ఎంత మండిపడ్డానో నా మీద అంతకు రెండింతలు మండిపడ్డాను. ఆ జర్మన్ డాక్టరు ఉద్యోగం పోతుందని తెలిసే రాశాడు. నేను ఒక్క మాట నోటితో చెప్పలేకపోయాను.

పది రోజులు ఆగి ఆ కుర్రాడికి ఫోన్ చేశాను. శవం ఊరు చేరిందట, తల్లి కడసారి చూసుకుందట.

"గదిలో ఏసీ బాగుచేశారా తమ్ముడూ?"

"యాడక్కా, రేపు మాపు అంటాండారు. అయినా ముదీర్ మంచోడేలే. ఫ్యాను కింద ఉండే అన్న మంచం నాకే ఇచ్చినాడు."