ఆదోని ఆధార్, పోలండు సిపాయి

మొన్న ఎమ్మిగనూరు బస్సులో కండక్టరు నన్ను పోలండు దేశం సిపాయి కింద జమకట్టినాడు. ఎట్లంటారా, చెప్తా.

మా ఆయనకు పాత స్టాంపుల పిచ్చి. వెనకటి యుద్ధంలో శత్రువులు వచ్చి పడితే, పోలండు సర్కారు లండన్‌కు పారిపోయి, ఆడ కూర్చొని స్టాంపులు అచ్చేసిందంట. దేశం లేదు, స్టాంపులు మాత్రం ఉండాయి. ఇంట్లో గ్యాసు అయిపోయిన సంగతి తెలియని మనిషికి ఆ సర్కారు కష్టాలన్నీ తెలుసు.

ఆయన సెట్టులో ఓడ బొమ్మది ఒకటే తక్కువ. ఎన్నేండ్లుగానో వెతుకుతాండాడు. అది ఎమ్మిగనూరులో గడియారాలు బాగుచేసే ఖాదర్ అన్న దగ్గర దొరికింది. మా దగ్గర సిపాయి బొమ్మవి రెండుండాయి, ఒకటిచ్చి ఓడ తెచ్చుకోవాలని మాట. తీరా ఆ పొద్దు ఈయనకు జ్వరం.

"ఇంకెవరో అడుగుతాండారంట, నువ్వే పోయిరా. వెనక గమ్ము చెడితే ఖాదర్ తీసుకోడు. చేత్తో తాకొద్దు."

కొత్తోళ్ళ ముందు నాకు నోరు రాదు. తెలివి మాత్రం ఊరికే ఉండదు కదా. ఆయన చుట్టిచ్చిన బటర్ పేపరు యాడన్నా జారిపోతాదని భయం. మా ఇంట్లో ఎప్పుడూ పోనిది ఏది? ఆడోళ్ళకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి, నా ఆధార్ కార్డు. స్టాంపును పేపర్లోంచి తీసి, కొంగుతో పట్టుకొని, కార్డు కవర్లోకి తోసి, రొండిన దోపుకొంటి. చేత్తో తాకితే ఒట్టు. ల్యామినేషన్ చేయించమంటే "రేపు" అనే మొగుడు కాబట్టి కార్డు ఉత్త కాగితమే.

ఎండ. బస్సు నిండా జనం. ఒళ్ళంతా చెమట.

కండక్టరుకు కార్డు ఇచ్చినా. కార్డు చూసినాడు, నన్ను చూసినాడు, మళ్ళీ కార్డు చూసినాడు.

"ఏమక్కా, ఈ టోపీ ఆయన ఎవరు?"

చూద్దును కదా, నా ఫోటో మీద సిపాయి అతుక్కొని ఉండాడు.

"పోలండు..." అన్నా.

"ఫ్రీ మన రాష్ట్రం ఆడోళ్ళకేనక్కా. పోలండు మగోళ్ళకు టికెట్టే."

వెనక సీట్లో ముసలామె, "పోనీలేప్పా, పాపం అంత దూరం నుంచి వచ్చినాడు" అన్నది. బస్సంతా నవ్వు. టికెట్టు కొన్నా.

ఖాదర్ అన్న కంటికి అద్దం పెట్టుకొని చూసినాడు. "గమ్మంతా కార్డుకే అంటుకుంది భాభీ. పీకితే స్టాంపు పాయ, పీకకుంటే మీరు పాయ." ఓడ ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఇంటికొచ్చి చూపిస్తే మా ఆయన జ్వరంలోనే లేచి కూర్చున్నాడు. "పీకొద్దు. ఆధార్‌దేముంది, ఇంకోటి తెచ్చుకోవచ్చు." పెండ్లయిన ఇన్నేండ్లకు తేలింది, ఎవరి మొహం ముఖ్యమో.

ఇప్పుడా కార్డు ఆల్బంలో ఉండాది. దేశం లేని సర్కారుకు ఆదోనిలో అడ్రసు దొరికింది, పిన్‌కోడుతో సహా. నాకు కొత్త కార్డు తెస్తానన్నాడు, రేపు. అందాకా గోనెగండ్లలో మా అక్క ఇంటికి టికెట్టు కొనుక్కొని పోతాండా, పోలండు వాళ్ళ లెక్కన.