పదకొండింటికి వెనక్కి తిరిగే నడక

"మధ్యదారిలో మా పిల్లకి ఆయాసం మొదలైతే ఏం చెయ్యాలి?"

"దిగాలి," అంది గౌహర్ ఖానుమ్, రొట్టెల దుకాణం అద్దానికి కాగితం అంటిస్తూ. "ఆయాసం రాకపోయినా దిగాలి. కొండ మీద కాపురం పెడతామా?"

రైహానెకు నవ్వు రాలేదు. ఆమె ఇరాన్‌లోని యజ్ద్ నగరంలో నీటి పరీక్షల ప్రయోగశాలలో పనిచేస్తుంది. ఏ సీసాలో ఏ లవణం ఎంత ఉందో కచ్చితంగా చెప్పగలదు గానీ, అయిదేళ్ల కూతురు యల్దా దగ్గరికి వచ్చేసరికి ఆమె లెక్కలన్నీ తప్పుతాయి. చలికాలంలో పిల్లకు రెండుసార్లు పిల్లికూతలు వచ్చాయి. అప్పటినుంచి వీధి చివరి పార్కుకు వెళ్లాలన్నా గాలిలో దుమ్మెంతో ఫోనులో చూసుకుని గానీ కదలదు. డాక్టరేమో ఎండలు ముదిరేలోగా పిల్లను కొండ గాలికి నడిపించమన్నాడు.

నడిపించేవాళ్లే లేరు. పేటలోని కొండనడక సంఘం ఆ ఏడు కొత్త నిబంధన పెట్టింది. పదేళ్ల లోపు పిల్లలు, అరవై అయిదు దాటిన పెద్దలు శుక్రవారం నడకలకు రాకూడదు. యల్దాకు అయిదేళ్లు. పాతికేళ్లుగా ఆ నడకలు ఏర్పాటు చేస్తున్న గౌహర్ ఖానుమ్‌కు అరవై ఎనిమిది. నిబంధన ఎవరి కోసమో అందరికీ తెలుసు. కిందటి వసంతంలో, శిఖరం కళ్లెదుట కనిపిస్తుండగా, టైమైపోయిందని ఆవిడ ఇరవై మందిని వెనక్కి తిప్పేసింది. సంఘంలో ఆ కోపం ఇంకా చల్లారలేదు.

సంఘం అధ్యక్షుడు దెహ్ఖానీ రొట్టెల కోసం వరుసలోనే నిలబడి ఉన్నాడు. "ఖానుమ్, ఆ నిబంధన అందరి క్షేమం కోసమండీ," అన్నాడు.

"నా క్షేమం నేను చూసుకుంటాను నాయనా. నీకు పోలియో చుక్కలు వేసింది నేనే. అప్పుడూ ఇలాగే మూతి బిగించుకున్నావు."

వరుసంతా నవ్వింది. దెహ్ఖానీ చెవులు ఎర్రబడ్డాయి. "ఎవరికైనా ఏదైనా అయితే?"

"ఒక్కరికి దెబ్బ తగిలినా నా నడకలు ఆపేస్తాను. ఇదిగో, ఇంతమంది వింటున్నారు. తగలకపోతే మాత్రం నువ్వు వద్దన్నవాళ్లందరినీ తీసుకెళ్తాను."

రైహానె కాగితం చదివింది. ఎక్కడికి, ఎంత నీళ్లు, ఎన్నింటికి బయలుదేరాలి. అన్నిటికన్నా పెద్ద అక్షరాలతో, ఎన్నింటికి వెనక్కి తిరగాలి. కింద సంతకాలకు చోటు. మరోసారి మొదటినుంచీ చదివి సంతకం పెట్టింది.

గౌహర్ ఖానుమ్ ముప్పై ఏళ్లు కొండపల్లెల్లో ఆరోగ్య కార్యకర్తగా తిరిగింది. భుజాన టీకాల పెట్టె, అందులో టీకాలు చెడకుండా ఐసు. ఆ ఐసు ఎంతసేపు నిలిస్తే అంతవరకే ఆవిడ రోజు. ఎవరు టీ తాగి పొమ్మన్నా, ఏ ముసలమ్మ చెయ్యి పట్టుకుని ఏడ్చినా ఐసు ఆగదు. అందుకని బయలుదేరేముందే తిరుగు సమయం అరచేతి మీద రాసుకునేది. రిటైరయ్యాక కొడుకు ఇంట్లో కూర్చోమన్నాడు. మోకాలి ఆపరేషన్ కాగానే కోడలు ఆవిడ బూట్లు తీసి అటక మీద పెట్టింది. మూడో నెలలో ఆవిడే నిచ్చెన వేసుకుని దించుకుంది.

కొత్త సంవత్సరం పండుగ నౌరోజ్ వెళ్లిన మూడో శుక్రవారం పన్నెండు మంది బయలుదేరారు. నలుగురు పిల్లలు, ముగ్గురు ముసలమ్మలు, మిగతావాళ్లు తల్లులు. షీర్కూహ్ కొండ మీది మంచు కరిగి, ఏడాదికి నాలుగు వారాలు మాత్రమే దూకే జలపాతం వాళ్ల గమ్యం. అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలన్నది గౌహర్ ఖానుమ్ పద్ధతి. అలా యల్దా సేనాపతి అయింది. రాళ్ల మీద కూర్చుని రొట్టె, జున్ను, అక్రోట్లు తిన్నారు. రైహానె అరగంటకోసారి పిల్ల ఊపిరి లెక్కపెట్టింది. అంతా బాగానే ఉంది.

పదకొండు కావస్తుండగా నీళ్ల హోరు వినిపించింది. యల్దా పరుగందుకుంది. గౌహర్ ఖానుమ్ రెండంగల్లో పిల్లను దాటి చేతికర్ర దారికి అడ్డంగా పెట్టింది.

"పదకొండు. తిరగండి."

"ఇంకో అరగంటే ఖానుమ్," అంది రైహానె. "చప్పుడు కూడా వినిపిస్తోంది."

"వినిపిస్తోంది. బాగుంది కదా. పదండి."

"పిల్లకి ఆయాసం లేదు. ఆకాశంలో మబ్బు లేదు. ఎందుకు తిరగాలో ఒక్క కారణం చెప్పండి."

"నువ్వు సంతకం పెట్టావు."

యల్దా దారిలోనే చతికిలబడి ఏడుపు లంకించుకుంది. "నువ్వు చెడ్డ ముసలిదానివి."

"అవును తల్లీ, చాలామంది చెప్పారు. లే."

రైహానెకు ఒళ్లు మండింది. పిల్లను ఎత్తుకుని ఆ కర్ర దాటి వెళ్లిపోదామనుకుంది, ఒక అడుగు వేసింది కూడా. వెనకనుంచి ఫఖ్రీ అనే ముసలమ్మ దీర్ఘం తీసింది. "నిన్నటిదాకా పిల్ల తుమ్మితే గుండె జారిపోయేది నీకు. ఇవాళ ఏకంగా కొండలెక్కుతావా?"

రైహానె తిరిగింది. యల్దా చెయ్యి పట్టుకుని విసవిసా దిగసాగింది.

ముప్పావు గంట దిగాక యల్దా కాళ్లు ముడుచుకుని కూర్చుంది. అమ్మ వీపెక్కి నిద్రపోయింది. పదహారు కిలోలు. రైహానె బూట్ల కింద గులకరాళ్లు జారుతున్నాయి, పది అడుగులకోసారి ఆగి పిల్లను పైకి సర్దుకుంటోంది, ఎండ నడినెత్తికి వచ్చింది. ఇంకో అరగంట ఎక్కి ఉంటే, ఆ దూరమంతా మళ్లీ దిగడం, అదీ వీపు మీద పిల్లతో. తనకు మిగిలిన బలమెంతో, మిగిలిన దారెంతో మనసులో పక్కపక్కన పెట్టి చూసుకుంది. సరిపోలేదు. దాంతో ఆమె కోపం చల్లారింది.

కింద సంఘం మినీబస్సు ఆగి ఉంది. తెల్లవారుజామునే కొండెక్కి వచ్చిన దెహ్ఖానీ జలపాతంలో తడిసిన చొక్కా ఆరబెట్టుకుంటున్నాడు. "జలపాతం చూశారా ఖానుమ్?"

"లేదు. లెక్కపెట్టుకో, పన్నెండు మంది. ఎవరైనా కుంటుతున్నారేమో చూడు."

నిజంగానే చూశాడు. ఎవరూ కుంటడం లేదు. "ఆ తిరిగే టైము పదకొండున్నర చేస్తే సరిపోయేదిగా," అని గొణిగాడు.

"చెయ్యను." ఆవిడ సంచిలోంచి కొత్త కాగితం తీసి, బానెట్ మీద పెట్టి రాసింది. అదే జలపాతం, బయలుదేరడం అరగంట ముందు, తిరగడం పదకొండుకే. మొదటి సంతకం రైహానెది.

తిరుగు ప్రయాణంలో, ఊరి బస్సులో, ఆమె గౌహర్ ఖానుమ్ పక్కన కూర్చుంది. "నేను భయస్తురాలిని కదా, మరి అక్కడ నాకేమైంది?" అని అడిగింది.

ఇప్పుడు రైహానె ప్రతి గురువారం సాయంత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని తిరుగు సమయం రాసుకుంటుంది. కొండలకే కాదు, పెళ్లిళ్లకు, పుట్టింటికి కూడా. ఆ రోజు బస్సులో ఆవిడ చెప్పింది ఇంతే.

"అందరికీ అంతే అమ్మాయ్. ఎప్పుడు తిరగాలో ఇంట్లో ఉండగానే రాసుకో. కొండ మీద నువ్వు నీ మాట వినవు, పిల్ల మాట వింటావు."