గుప్పెడు బియ్యంతో కొన్న ఫారిన్ ఆంప్లిఫయర్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. నిజమే, కాదనను. కానీ ఆ కోపం నా మీద నాకే వచ్చి, ఎవరి మీద చూపించాలో తెలియక వారం రోజులు తిండి సహించకుండా తిరిగింది మాత్రం ఒక్కసారే. డెబ్భైల చివర్లో జరిగిన సంగతి. దానికంతటికీ కారణం ఒక బేస్ గిటార్ ఆంప్లిఫయర్.

అప్పుడు నేను బెజవాడలో ఒక ఆఫీసులో గుమాస్తాను, భవానీపురంలో అద్దె గది. ఆదివారం పొద్దున్నే బస్సెక్కి కంకిపాడు పక్కనున్న మా ఊరి చర్చికి వెళ్ళి, పాటలకు బేస్ గిటార్ వాయించేవాణ్ణి. వాయిస్తున్నానని నేననుకోవడమే గానీ ఎవరికీ వినపడేది కాదు. హార్మోనియం, డోలక్కు, వాటి మీద యాభై గొంతులు. ఊరి మైకుసెట్టుకు తగిలిస్తే నా గిటార్ డబ్బాలో గులకరాళ్ళు ఊపినట్టు మోగేది. మైకుసెట్టు మాటకూ పాటకూ చేసింది, అంత కింది స్వరాలు దాని వల్ల కాదు. బేస్‌కు వేరే ఆంప్లిఫయర్, పెద్ద స్పీకరు కావాలని ఏడాది పాటు అందరి ప్రాణాలూ తీశాను.

చివరికి సరేనన్నది స్త్రీల సమాజం. వాళ్ళ దగ్గరున్నది గుప్పెడు బియ్యం డబ్బు. మా చర్చిల్లో ఆడవాళ్ళు అన్నం వండబోయే ముందు, ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి దేవుడి పేరున వేరే కుండలో వేస్తారు. వారానికోసారి సంచీతో ఇల్లిల్లూ తిరిగి వాటిని పోగుచేసి అమ్ముతారు. అందరూ నాట్లకూ కోతలకూ వెళ్ళేవాళ్ళే. ఆ పూటకు ఇంట్లో బియ్యం చాలినా చాలకపోయినా ఆ గుప్పెడు మాత్రం తీసేవాళ్ళు. ఏడాదిన్నర పాటు అలా తీసిన గుప్పెళ్ళను డబ్బు చేసి నా చేతిలో పెట్టారు. పెట్టింది బైబిలమ్మగారు. ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే పెద్దావిడ, సమాజానికి అధ్యక్షురాలు కూడా ఆవిడే.

"మాకియ్యన్నీ తెలవ్వు నాయనా. నువ్వు చదువుకున్నోడివి. మంచిది చూసి తే," అన్నారు.

ముందు ఆటోనగర్ వెళ్ళాను. అక్కడ మోటార్లకు వైండింగ్ చేసే మేస్త్రి ఒకాయన ఆంప్లిఫయర్లు కూడా కడతాడని ఎవరో చెప్పారు. లారీ ఇంజన్ల మధ్య, గ్రీజు మరకల బల్ల మీద, బూడిదరంగు పెయింటు వేసిన చెక్కపెట్టె ఒకటి చూపించాడు. నా గిటార్ తగిలించి వాయించాను. బాగానే మోగింది. బాగానే ఏమిటి, చాలా బాగా మోగింది.

"ఏ కంపెనీ అండీ?" అన్నాను.

"కంపెనీ ఏముందండీ, నేనే," అన్నాడాయన.

ఆ మాటతో నా మనసు విరిగిపోయింది. చూద్దాంలెండి అని వచ్చేశాను. అక్కణ్ణుంచి నేరుగా బజార్లో ఒక కొట్టుకు వెళ్ళాను. అక్కడ నల్ల రెక్సిన్ తొడిగి, కింద చక్రాలు బిగించి, ముందు వెండిరంగు ఇంగ్లీషు అక్షరాలతో పేరున్న ఆంప్లిఫయర్ ఉంది. మద్రాసు హార్బర్లో దిగిన ఫారిన్ సరుకన్నాడు కొట్టాయన. ధర మేస్త్రి చెప్పినదానికి రెట్టింపు. బేరమాడితే పరువు తక్కువనుకుని అడిగినంతా ఇచ్చి కొన్నాను. అదీ నా తెలివి.

మొదటి ఆదివారం పాట మొదలయ్యేసరికి బల్లలు సన్నగా వణికాయి. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ఆరాధన అయ్యాక దాని చుట్టూ చేరి, ఫారిన్‌ది, మన బియ్యంతో కొన్నదే అని పక్క ఊరి చుట్టాలకు చూపించుకున్నారు. నేనూ కాలరు సర్దుకుంటూ నిలబడ్డాను.

మూడో ఆదివారం అది గుర్రుమనడం మొదలుపెట్టింది. మా వైపు కరెంటు సంగతి తెలిసిందే, ఒక్కోసారి బల్బులో తీగ మాత్రమే ఎర్రగా కనిపిస్తుంది. అందరూ వెళ్ళాక స్క్రూడ్రైవరు తెచ్చి వెనక చెక్క విప్పాను. లోపల ట్రాన్స్‌ఫార్మర్ మీద అట్టముక్క ఒకటి అంటించి ఉంది. దాని మీద పెన్సిలుతో, గుండ్రటి తెలుగు అక్షరాల్లో, "కరెంటు డల్ అయితే ఎర్రవైరు ఈ పక్కకి మార్చాలి" అని రాసి ఉంది.

ఎర్రవైరు మార్చాను. గుర్రు ఆగిపోయింది. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. మద్రాసు హార్బర్లో దిగిన వస్తువుకు తెలుగెలా వచ్చిందో తెలుసుకోవడానికి పెద్ద చదువేమీ అక్కర్లేదు.

మర్నాడు కొట్టుకు వెళ్ళి అరిచాను. "మోగుతుందా లేదా అండీ? మోగుతుంటే ఇంక గొడవేంటి?" అన్నాడు కొట్టాయన. వెనక మరలు విప్పాను కాబట్టి తిరిగి తీసుకోనన్నాడు. ఒళ్ళు మండిపోయింది. ఇలాంటివి కట్టేవాడు నాకు తెలిసి ఒక్కడే కాబట్టి, అదే మంట మీద ఆటోనగర్ వెళ్ళి, ఊడబెరికి తెచ్చిన అట్టముక్క మేస్త్రి ముందు పడేశాను.

"నా రాతేనండి," అన్నాడాయన తాపీగా. "ఆయన నెలకి రెండు పెట్టెలు తీసుకెళ్తాడు. రెక్సినూ, చక్రాలూ, పేరూ ఆయన బిగించుకుంటాడు."

"లోపల తేడా ఏమీ లేదా?"

"వైరు ముక్క కూడా తేడా లేదండి. మీరారోజు వాయించి చూశారే, దాని తోబుట్టువే ఇది."

"మరి మీ పేరే వేసుకోవచ్చు గదా," అన్నాను కోపంగా.

"నా పేరు చెప్తే మీరు కొన్నారా అండీ?"

రెక్సిన్‌కూ నాలుగు చక్రాలకూ ఎంతవుతుందో ఆయనే చెప్పాడు. అది తీసేస్తే మిగిలిందంతా పేరు ఖరీదే. ఆ డబ్బు నాదైతే ఒక ఏడాది టీలూ సినిమాలూ మానేసి మర్చిపోయేవాణ్ణి. గుప్పెళ్ళు నావి కావు. ఈ సంగతి తెలిస్తే వాళ్ళు ఆ కుండలో బియ్యం వేయడమే మానేస్తారేమోనని భయం పట్టుకుంది. ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న పద్ధతి నా డాబు వల్ల ఆగిపోతుందని వారమంతా అదే బెంగ. చెప్పకుండా ఊరుకుందామనీ అనుకున్నాను, అబద్ధమెందుకు.

శనివారం బైబిలమ్మగారింటికి వెళ్ళి మొత్తం చెప్పేశాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ చేట మీంచి తలెత్తకుండా విన్నారు.

"మేం అమ్మే బియ్యం చూశావుగా," అన్నారు చివరికి. "కోటా బియ్యం, నూకలు, సన్నాలు, అన్నీ కలిసిపోయి ఉంటయ్యి. దేవుడి బియ్యమని కొట్టు ధరకన్నా ఎక్కువిచ్చి కొంటారు. లోపలేముందో తెలిసే కొంటారు. నీకు తెలవనిచ్చారా? లేదు. అక్కడుంది మోసం."

"నేనేం చెయ్యనండీ ఇప్పుడు?"

"ఈ వారం సంచి నువ్వు పట్టుకో. గడపగడపకీ నువ్వే చెప్పు."

ఆఫీసు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, సంచి భుజాన వేసుకుని బయల్దేరాను. చచ్చినంత పనయింది. మొదటి ఇంట్లో మాటలు తడబడ్డాయి. అక్కడి అవ్వ పడీపడీ నవ్వి, "చదువుకున్నోణ్ణి పంపింది ఇందుకా అబ్బాయ్," అంది. నవ్వుతూనే బియ్యం పోసింది. రెండో ఇంట్లో, ఈసారి నాకు పెళ్ళిసంబంధం కూడా ఫారిన్‌ది చూసుకోమని చురక అంటించారు. ఒకావిడ మాత్రం నవ్వలేదు. కొట్టువాణ్ణీ నన్నూ కలిపి తిట్టి, తిట్టడం అయ్యాక కుండ తెచ్చింది. ఏ ఇంట్లోనూ కుండ ఖాళీగా లేదు. అయినా చివరి ఇల్లు ఇంకా ఉంది.

ఆ ఇంటావిడ భర్త ఛాతీ జబ్బుతో మంచం పట్టి రెండేళ్ళయింది. ఆవిడ నాట్లేస్తేనే నలుగురికీ అన్నం. నేను అందరికన్నా ఎక్కువ భయపడింది ఆవిడకే. గడప బయటే నిలబడి చెప్పాను. రెట్టింపు ఇచ్చానన్న ముక్క కూడా దాచలేదు. ఆవిడ తోముతున్న గిన్నె పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, ఏమీ అనకుండా లోపలికి వెళ్ళింది. అయిపోయింది, నా మొహం చూడటం కూడా ఇష్టం లేదనుకున్నాను. వెళ్ళిపోదామని సంచి మూతి ముడుస్తున్నాను.

ఆవిడ కుండతో బయటికొచ్చింది.

"ఇంకా పోస్తావా అక్కా, నా సంచిలో?" అన్నాను.

"కొట్టోడు నీకు చెప్పలా. నువ్వు మాకు చెప్పావు," అంది. "ఇంకోసారి కొనేటప్పుడు మాలో ఒకర్ని తీసుకెళ్ళు. పట్టు సంచి."

పట్టాను. ప్రాణం లేచివచ్చింది. వారం రోజుల బరువంతా ఒక్కసారి దిగిపోయేసరికి సంచి మూతి వదులుగా పట్టాను, గింజలు కొన్ని మట్టిలో పడ్డాయి. ఆవిడ గబుక్కున వంగి ఒక్కొక్క గింజా ఏరి మళ్ళీ సంచిలో వేసింది. నేనూ పక్కనే కూర్చుని ఏరాను.